ఎడమ కాలు చాలు

ఎడమ కాలు పెడితే చాలన్నాడు చర్చిలో గంట కొట్టే గంటలాయన. ఆ మాట అనేసి, తను తెచ్చిన తువ్వాళ్ల మూట ముడి విప్పే పనిలో పడ్డాడు. నిజానికి అదంత గట్టి ముడేం కాదు. ఎదుటి మనిషి ముఖం చూడకుండా ఉండాలంటే వేళ్లకేదో ఒక పని కావాలి కాబట్టి విప్పుతున్నాడు.

ఇస్త్రీ బల్లకు ఇవతల నిలబడ్డ ఆమెను లాండ్రీలో ఎవరూ పేరుతో పిలవరు. చిటపట అంటారు. నీళ్లు చిలకరించిన గుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు వచ్చే చప్పుడుకీ, ఆమె నోట్లోంచి వచ్చే మాటకీ పెద్ద తేడా లేదని ఉతికే గదిలోని ఆడవాళ్లు పెట్టిన పేరది. ఆ పేరుకు పలకడం ఆమెకూ అలవాటైపోయింది.

"ఎడమ కాలెందుకు?" అంది చిటపట.

గంటలాయన గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. ముందు వరసలో చిన్నపిల్లలు కూర్చుంటారు. ఫొటోలు తీస్తారు. ఆమె మొగుడు మేస్త్రి కుడికాలు చూస్తే పిల్లలు జడుసుకుంటారేమో. అందుకని కుడికాలికి సాక్సూ బూటూ అలాగే ఉంచుకుని, ఎడమ కాలు మాత్రం బేసిన్‌లో పెడితే బాగుంటుందని అనుకున్నారు. ఎవరనుకున్నారని ఆమె అడిగితే, వాళ్లే అన్నాడు.

ఈస్టర్‌కు ముందొచ్చే గురువారం సాయంత్రం ఆ చర్చిలో పన్నెండుమందిని బలిపీఠం ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి ఫాదరు వాళ్ల కాళ్లు కడుగుతాడు. ప్రభువు తన చావుకు ముందు శిష్యుల కాళ్లు కడిగాడు గనుక, దానికి గుర్తుగా. కుడికాలే కడగడం అక్కడి ఆనవాయితీ. చిటపట ఆ చర్చికి వెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా కమిటీ పెద్దలే. ఇంటి దగ్గరే సబ్బుతో తోముకుని, గోళ్లు తీసుకుని, పౌడరు రాసుకుని, కొత్త సాక్సులు తొడుక్కుని వచ్చేవాళ్లు. ఆ కాళ్ల మీద ఫాదరు నాలుగు చుక్కలు చిలకరించి తుడిచేవాడు. మర్నాడు ఆ తువ్వాళ్లు లాండ్రీకి వస్తే ఉతకాల్సిన అవసరమే కనిపించేది కాదు. ఈ ఏడు కొత్తగా వచ్చిన ఫాదరు మాత్రం, కష్టం చేసే కాళ్లు కావాలన్నాడట. దాంతో కమిటీవాళ్లు పేదవాళ్ల కోసం వెతుకులాట మొదలుపెట్టారు. అందరికంటే ముందు మేస్త్రి పేరు చెప్పింది కంట్రాక్టరు. చర్చికి గంటగోపురం కట్టించేదీ ఆయనే, కమిటీకి పెద్దా ఆయనే, పోయిన ఈస్టర్ దాకా మేస్త్రికి పని ఇచ్చిందీ ఆయనే.

"చాలా మంచిగా మాట్లాడాడు చెల్లెమ్మా," అన్నాడు గంటలాయన, మూట సంగతి వదిలేసి. "తాగి గోపురం మీంచి పడ్డా మనవాడే, ఇప్పుడు మారాడు, మనం క్షమించి దగ్గరికి తీసుకోవాలి అన్నాడు. ఫాదరుకు కళ్లనీళ్లు తిరిగాయి. పైవారం నుంచి కొత్త బిల్డింగు దగ్గర కాపలా పని కూడా చూపిస్తాడట."

చిటపటకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇస్త్రీపెట్టెను తువ్వాలు మీద పెట్టి, రెండు చేతులతో అదిమి తోసింది. గుడ్డ కమురు వాసన వచ్చేదాకా తీయలేదు. క్షమిస్తాడట. పడ్డవాడిని, పడేసినవాడు క్షమిస్తాడట. పైగా అందరి ముందూ, కొవ్వొత్తుల వెలుగులో, పాటలు పాడుతూ.

"ఆయన తాగలేదన్నా," అంది. "ఆ సంగతి నీకు తెలీదా? గోపురం కింద గది నీది."

గంటలాయనకు అప్పుడు గంట కొట్టే వేళ గుర్తొచ్చింది. తువ్వాళ్లు రేపు సాయంత్రానికి కావాలని చెప్పి, ఖాళీ మూటగుడ్డను నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిశాయో లేదో చూసుకుని, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన ఏ గుడ్డనయినా అలాగే మడుస్తాడు.

ఆమె ఇంటికి వెళ్లేసరికి మేస్త్రి వెనక గోడకు పూత పూస్తున్నాడు. ఆ గోడ పాపం ఏ నేరం చేసిందో గానీ, ఈ ఏడాదిలో దాన్ని గీకి మళ్లీ పూయడం అతనికి రివాజైపోయింది. పని లేకపోయినా తాపీ చేతిలో ఉండాలి. ముక్కాలి పీట మీద కూర్చుని, ఎడమ చేతిలోని పలక మీద నుంచి సిమెంటు కొద్దికొద్దిగా తీసి గోడకు కొట్టి, మణికట్టు తిప్పి సాపు చేస్తున్నాడు. కుడి బూటు ముందు భాగంలో వేళ్లు ఉండాల్సిన చోట పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి.

పూత ఎలా వచ్చిందో చూసుకోవాలంటే ఏ మేస్త్రి అయినా ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఇతను వేయడు. లేచి, గోడ పట్టుకుని పక్కకు నడిచి, పెరటి మూలదాకా వెళ్లి, అక్కడ నిలబడి తిరిగి చూస్తాడు. నేల మీదే ఉన్నా సరే, వెనక్కి మాత్రం అడుగు పడదు.

ఎడమ కాలి సంగతి అతనికి అప్పటికే తెలుసు. కమిటీ మనిషి ఒకడు పొద్దున్నే వచ్చి చెప్పిపోయాడట. చిటపట సంచీ నేలకేసి కొట్టి, ఏమన్నావని అడిగింది. వస్తానన్నానని చెప్పాడు మేస్త్రి, తాపీకి అంటిన సిమెంటు గీకుతూ.

గుమ్మంలో కూర్చున్న అత్త వెంటనే కొడుకు పక్షాన దూకింది. వెళ్లక ఏం చేస్తాడంది. వాళ్లంతట వాళ్లు కాళ్లు పట్టుకుంటామంటుంటే వద్దంటామా అంది. కాలు తడిస్తే తుడుచుకోవచ్చు, కడుపు మాడితే దేంతో తుడుస్తావని కోడల్ని అడిగింది. అత్త నోరు ముందు కోడలి నోరు దిగదుడుపే. చిటపట అన్న పేరు నిజానికి ఆవిడకు రావాల్సింది.

"తాగుబోతు కింద వెళ్లి కూర్చుంటావా?" అంది చిటపట మొగుడితో. "తాగి పడ్డాను, నన్ను క్షమించండి బాబూ అని చెప్పకుండా చెప్పినట్టు కాదా అది?"

మేస్త్రి తాపీని పలక మీద పెట్టాడు. తర్వాత, అడ్డాలో జరిగేది చెప్పాడు. కూలికి మనుషుల్ని పిలుచుకుపోయే ఆ కూడలికి అతను రోజూ వెళ్తూనే ఉన్నాడు. ఎవడో ఒకడు రెండు వేళ్లు చూపించి, మేస్త్రీ, పరంజా మీద ఎన్ని చెక్కలు కనిపిస్తున్నాయి అంటాడు. మూడంటే నవ్వుతారు, రెండంటే ఇంకా ఎక్కువ నవ్వుతారు. పనికి పిలిచేవాళ్లు ఆ నవ్వు చూసి పక్కవాడిని తీసుకుపోతారు. పూత ఎవడు బాగా పూస్తాడో వాళ్లకు తెలియక కాదు, తాగుబోతుకు పరంజా ఎక్కే పని ఇస్తే రేపు ఎవరు జవాబు చెప్పుకోవాలని.

"కాపలా పనైనా పనే కదా," అన్నాడు. "నువ్వొక్కదానివే ఎన్నాళ్లు నిలబడతావు ఆ బల్ల దగ్గర?"

ఆ మాటకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. ఎంగిలి గిన్నెలన్నీ ముందేసుకుని, వీధివాళ్లకు వినపడేలా తోమింది.

మర్నాడు తువ్వాళ్లు తీసుకుని చర్చికి తనే వెళ్లింది. గంటలాయన చేతికిచ్చి రాకుండా నేరుగా పక్క హాలులోకి నడిచింది, కంట్రాక్టరు అక్కడ ఉన్నాడని తెలిసి. ఏం అడగాలో ఆమె దారిలోనే రెండు మూడు రకాలుగా అనుకుంది. ఒకదానికంటే ఒకటి కటువుగా వచ్చాయి.

హాలులో ప్రభువు సమాధి నమూనా కడుతున్నారు. ఈస్టర్ తెల్లవారుజామున జనం ఆవరణలోకి వచ్చేసరికి అది సిద్ధంగా ఉండాలి. ఇనప చట్రానికి గోనెగుడ్డ చుట్టి, బూడిదరంగు వేసి, రాయిలా కనిపించేలా చేస్తారు. ముందు గుండ్రటి అట్టరాయి. అది పక్కకు దొర్లించి ఉంటుంది. లోపల ఒక అరుగు, దాని మీద మడతపెట్టిన తెల్లగుడ్డ. శవం ఉండదు. ప్రభువు లేచి వెళ్లిపోయాడని ఆ ఖాళీయే చెప్పాలి. దాన్ని చూసి పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దవాళ్లు కళ్లు ఒత్తుకుంటారు, కట్టించినవాడికి దణ్ణాలు పెడతారు. పోయినేటి నుంచీ దాన్ని కట్టిస్తున్నది కంట్రాక్టరే. కర్ర, గుడ్డ, రంగు అన్నీ ఆయన కానుక.

ఆయన కుర్చీలో కూర్చుని అరుగు ఇంకాస్త ఎడమకు జరపమని పనివాళ్లకు చెబుతున్నాడు. వాళ్లు అరుగు చెక్కను ఎత్తి తిరగేశారు. చిటపట ఆ చెక్క అడుగుభాగం చూసింది.

రెండు చివర్లా, అంచుకు జానెడు ఇవతల, అడ్డంగా ఒక్కో బద్ద మేకులతో కొట్టి ఉంది. ఆ బద్దలు అక్కడ ఉండాల్సిన పని లేదు. అరుగుకు అవి అడ్డమే, అందుకే చెక్క సరిగ్గా ఆనక ఊగుతోంది. అలా బద్దలు కొట్టేది ఒక్క తన మొగుడే. పరంజా గొట్టాల మీద చెక్క అటూ ఇటూ జారిపోకుండా ప్రతి చెక్కకూ అడుగున అలా రెండు బద్దలు కొట్టుకుంటాడు. మిగతా మేస్త్రీలు తాడుతో కట్టి ఊరుకుంటారు. పెళ్లయిన కొత్తలో ఆ బద్దలకు మేకులు అందించింది ఆమే. చెక్క మీద సిమెంటు చుక్కలు గట్టిపడి ఉన్నాయి, ఒక దాని మీద తాపీ గీసిన చార కూడా ఉంది.

ఆమె తువ్వాళ్ల కట్టను నేల మీద పెట్టేసింది. మేస్త్రి ఆస్పత్రిలో కళ్లు తెరిచి చెప్పిన మొదటి మాట, రెండే ఉన్నాయి అని. అంతస్తుకు మూడు చెక్కలు తనే పరిచాడట. పోయిన ఈస్టర్ ముందు శనివారం పొద్దున ఎక్కి, గోపురం పైఅంచుకు పూత పూసి, చూసుకోవడానికి అడుగు వెనక్కి వేస్తే మూడో చెక్క లేదట. పైన పరిచిన తడి గోనెపట్టా మాత్రం ఎలా పరిచాడో అలాగే ఉందట. గోనెపట్టా ఉండి చెక్క లేకుండా ఎలా పోతుందని అందరూ నవ్వారు. తాగినవాడికి రెండు మూడుగా కనిపిస్తాయి, వీడికి మూడు రెండుగా కనిపించాయని కంట్రాక్టరు ఆస్పత్రి వరండాలోనే అన్నాడు. అప్పటికే అక్కడ పదిమంది ఉన్నారు. ఒకప్పుడు మేస్త్రి తాగేవాడన్న సంగతి వాళ్లందరికీ తెలుసు, మానేశాడన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

"ఈ చెక్క ఎక్కడిది?" అంది చిటపట.

కంట్రాక్టరు ఆమెను చూసి చిరునవ్వు నవ్వాడు. రామ్మా అన్నాడు. మీ ఆయన ఎలా ఉన్నాడు, రేపు కాస్త తెల్ల చొక్కా వేసి పంపమన్నాడు. ఆమె మళ్లీ అదే అడిగింది. ఆయన చెక్క వంక చూడను కూడా చూడలేదు. గోడౌన్లో సవాలక్ష చెక్కలుంటాయి, ఏది ఎక్కడిదో ఎవరు చూశారన్నాడు. అది తన మొగుడి పరంజా మీది చెక్క అని, బద్దలు చూడమని ఆమె గొంతు పెంచింది. పనివాళ్లు చెక్కను పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"చూడమ్మా," అన్నాడు కంట్రాక్టరు, కుర్చీలోంచి లేవకుండానే. "జరిగిందేదో జరిగింది. నేను మనసులో ఏం పెట్టుకోలేదు. మీ ఆయన్ని నేనెప్పుడో క్షమించేశాను. పండగ పూట పాతవన్నీ తవ్వకు. కాపలా పని సంగతి కూడా ఆలోచించుకో."

మాట ఎంత మెత్తగా ఉందో, ఆ మెత్తదనానికి ఆమెకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. వెనక్కి తిరిగేసరికి గంటలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె వంక కాదు, ఆ తిరగేసిన చెక్క వంక చూస్తున్నాడు. ఆమె పక్కనుంచి వెళ్తుంటే దారి ఇవ్వడానికి గోడకు అంటుకుపోయాడు.

"నీకు తెలుసన్నమాట," అంది ఆమె.

గంటలాయన వంగి, నేల మీది తువ్వాళ్లు తీసి, దుమ్ము దులిపి, ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టాడు. గోపురం కింద ఆయనకున్న గది కంట్రాక్టరు దయ. ఇద్దరికీ తెలిసిన సంగతే కాబట్టి ఆమె ఇంకేం అడగలేదు.

ఇంటికి వచ్చి మేస్త్రికి చెప్పింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది, చెక్క, బద్దలు, సిమెంటు చుక్కలు, ఊగుతున్న అరుగు. ఆ శనివారం పొద్దున సమాధికి చెక్క తక్కువై ఉంటుంది, పండగ సెలవుకు కర్రల దుకాణం మూసి ఉంటుంది, గోపురం మీంచి ఒకటి లాగేసి ఉంటారు. దేవుడు లేచిన చోటు చూపించడానికి నీ కాలి కింది చెక్క తీసుకుపోయారయ్యా అంది. అత్త కూడా నోరు మూసుకుని విన్నది, అలా జరిగిన రోజు ఆ ఇంట్లో అరుదు.

అతను ఎగిరి గంతేస్తాడని ఆమె అనుకుంది. లేకపోతే కనీసం తనలాగే తిట్లు అందుకుంటాడని అనుకుంది. మేస్త్రి బూటు విప్పాడు. లోపలి గుడ్డలు తీశాడు. సాక్సు లాగేసి, ఆ కాలిని ఎదుటి పీట మీద చాపుకుని చూస్తూ కూర్చున్నాడు. బొటనవేలు, దాని పక్క వేలు లేవు. మిగిలినవి ఒకదాని మీదికొకటి ఎక్కి, పాదం లోపలికి తిరిగిపోయి ఉంది. గొట్టాల మధ్య ఇరుక్కుని ఒంటి బరువంతా ఆ కాలి మీదే వేలాడాడు, మనుషులు వచ్చి విడిపించేదాకా.

"నాకు ఇవాళ కొత్తగా తెలిసిందేముంది?" అన్నాడు. "రెండే ఉన్నాయని ఆ రోజే చెప్పాను. నీకు తెలిసింది ఇవాళ."

ఆమె ఆ కాలి మీంచి చూపు ఎత్తి అతన్ని చూసింది.

"ఆస్పత్రిలో నా మీదికి వంగావు," అన్నాడు మేస్త్రి, కోపం లేకుండానే. "ఏడవడానికి వంగావనుకున్నాను. నా నోరు వాసన చూశావు."

అది నిజం. కంట్రాక్టరు మాట వరండాలో విని లోపలికి వచ్చి, ఆమె చేసిన మొదటి పని అదే. ఏ వాసనా రాలేదు. అయినా ఆ తర్వాత కూడా, ఎప్పుడైనా అతను గోడ పట్టుకుని నడుస్తుంటే ఒక్క క్షణం అనుమానం వచ్చేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, అతను గమనించాడని అనుకోలేదు. ఇన్నాళ్లూ కంట్రాక్టరు మీద, కమిటీ మీద, అడ్డాలో నవ్వేవాళ్ల మీద మండిపడుతూ తిరిగింది. ఆ మంటలో కొంత తన మీదేనని ఇప్పుడు అర్థమైంది. అతని కాలి దగ్గర కూలబడి, ఊడదీసిన గుడ్డలన్నీ మడతపెట్టింది.

"రేపు నేను వెళ్లను," అన్నాడు మేస్త్రి. "ఎడమదీ పెట్టను, కుడిదీ పెట్టను."

కాపలా పని పోతుందని అత్త అనబోయింది గానీ సగంలోనే ఆపేసింది.

"నువ్వు వెళ్లొద్దు," అంది చిటపట. "నేను వెళ్తాను."

గురువారం ఆమె లాండ్రీ నుంచి నేరుగా చర్చికి వెళ్లింది. చీర కూడా మార్చుకోలేదు. పొద్దుట్నుంచీ నిలబడ్డ కాళ్లు వాచి, చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగి ఉన్నాయి. లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి, బలిపీఠం మీద తెల్ల పూలు పెట్టారు, జనం గోడల దాకా నిండి ఉన్నారు. పన్నెండు కుర్చీల్లో పదకొండు నిండాయి. చెత్తబండి తోసేవాడు, సైకిళ్లు బాగుచేసే ముసలాయన, బస్తాలు మోసేవాళ్లు. అందరికీ ఎవరివో తెల్ల చొక్కాలు తొడిగారు. భుజాల దగ్గర కొందరికి వదులు, కొందరికి బిగుతు. చివరి కుర్చీ ఖాళీగా ఉంది.

ఫాదరు మొదటి కుర్చీ ముందు మోకరించేటప్పుడు ఆమె పక్క వరసలోంచి నడిచి వెళ్లి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఇది మగవాళ్ల వరస అమ్మా అని కమిటీ మనిషి ఒకడు వంగి గుసగుసగా చెప్పాడు. ఆమె వినపడనట్టే ముందుకు చూస్తూ కూర్చుంది. పాట మొదలైపోయింది. పాట నడుస్తుండగా ఆడమనిషిని రెక్క పట్టుకుని లేపడం బాగుండదని తోచి అతను వెనక్కి తగ్గాడు.

ఫాదరు నడుముకు తువ్వాలు చుట్టుకుని ఒక్కో కుర్చీ ముందు మోకాళ్ల మీద జరుగుతూ వస్తున్నాడు. పక్కన కంట్రాక్టరు తెల్ల చొక్కా చేతులు మడిచి, వెండి జగ్గుతో నీళ్లు పోస్తున్నాడు. ఆ వెనక గంటలాయన తువ్వాళ్లు చేతి మీద వేసుకుని, ఒక్కొక్కటి అందిస్తున్నాడు. ఫాదరు మాత్రం నిజంగానే కడుగుతున్నాడు. మడమల పగుళ్లలోకి వేళ్లు పెట్టి, వేళ్ల సందులు రుద్ది కడుగుతున్నాడు. అందుకే ఆలస్యమవుతోంది. ఆమె దగ్గరకు వచ్చేసరికి పాట అయిపోయి మళ్లీ మొదటి చరణం అందుకున్నారు.

ఫాదరు తలెత్తి చూశాడు. చిన్న వయసు మనిషి. మోకాళ్ల దగ్గర అంగీ తడిసిపోయి ఉంది.

"అమ్మా, ఇది మేస్త్రిగారి కుర్చీ కదా," అన్నాడు మెల్లగా.

"ఆయన రానన్నాడు ఫాదర్. నేను ఆయన భార్యని." ఆమె కుడికాలు బేసిన్ మీదికి చాపింది, కానీ లోపల పెట్టలేదు. "ఆయన తాగి పడ్డాడని మీకు చెప్పారు. తాగలేదు. అది ఈయన నోటితో చెప్పమనండి. అప్పుడు పెడతాను కాలు."

కంట్రాక్టరు వంగి, పళ్ల మధ్య నుంచి, ఇది చర్చి అన్నాడు. తర్వాత మాట్లాడుకుందాం, పరువు తీయకు అన్నాడు. ఆమె కదల్లేదు. కాలు అలా గాలిలో పట్టుకుని ఉండడం తేలిక కాదు. తొడ వణకడం మొదలైంది. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుంది. ముందు వరసలో మాటలు ఆగాయి, తర్వాత దాని వెనక. పాట రెండోసారి కూడా అయిపోయింది. పాడేవాళ్లు మళ్లీ ఎత్తుకోవాలో వద్దో తెలియక ఊరుకున్నారు.

ఫాదరు మోకాళ్ల మీద నుంచి లేవలేదు. కంట్రాక్టరు వంక చూసి, చెప్పండి అన్నాడు.

"ఏం చెప్పమంటారు ఫాదర్?" కంట్రాక్టరు నిటారుగా నిలబడ్డాడు. ఈసారి గొంతు తగ్గించలేదు. "ఆమె మొగుడు తాగే పడ్డాడు. ఇక్కడ అందరికీ తెలుసు. పాపమని పిలిచాను, అదీ నా తప్పు."

చిటపట కుర్చీ అంచుకు జరిగింది. కాలు దించి, ఆ బేసిన్ ఎత్తి ఆయన మీద కుమ్మరించడానికి ఇక ఒక్క క్షణమే మిగిలింది. అంతలో గంటలాయన తన చేతి మీద మిగిలిన తువ్వాలును తీసి, కంట్రాక్టరు భుజం మీద వేశాడు. తుడుచుకోమని ఇచ్చినట్టు కాదు, ఇక మోయలేనన్నట్టు వేశాడు. తర్వాత ఫాదరు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

"తాగలేదు," అన్నాడు. "ఆ పొద్దున, మేస్త్రి పైకి ఎక్కకముందే, సమాధికి ఒక చెక్క తక్కువైంది. గోపురం మీంచి తెమ్మని ఈయన చెప్పాడు. లాగింది నేను." ఆయన ఆగి, చేతులు చాచి, గాలిలో ఏదో గుడ్డ సవరిస్తున్నట్టు రెండు అంచులూ లాగి చూపించాడు. "పైన గోనెపట్టా చిందరవందరైతే బాగుండదని మళ్లీ సర్దాను. అవతలి గొట్టం దాకా లాగి, ముడత లేకుండా సర్దాను. బలిపీఠం గుడ్డ పరిచినట్టు పరిచాను. కింద చెక్క లేదని ఎవరికీ తెలీకుండా పోయింది."

ఆ చేతులు చూసి ఆమెకు ఒక్కసారిగా అంతా కళ్లకు కట్టింది. ఆ గోనెపట్టా ఎందుకు చెదరలేదో, ఏడాదిగా ఎవరూ నమ్మని ఆ ఒక్క సంగతి. ఆమె కాలు దించి నేల మీద పెట్టుకుంది.

కంట్రాక్టరు జగ్గు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఫాదరు లేచి ఆ జగ్గు ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. మొదట ఆయన వదల్లేదు, రెండోసారి లాగాల్సి వచ్చింది. నీళ్లు చింది ఇద్దరి చేతుల మీదా పడ్డాయి. మేస్త్రిగారిని ఎవరైనా పిలుచుకురండి, ఆయన వచ్చేదాకా నేను బలిపీఠం దగ్గరికి వెళ్లనన్నాడు ఫాదరు.

పిలుచుకురావాల్సిన అవసరం లేకపోయింది. వెనక, తలుపుల దగ్గర, నిలబడే జనంలో తలలు పక్కకు తిరిగాయి. మేస్త్రి అక్కడే స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో చిటపటకు తెలియదు. రోజూ వేసుకునే చొక్కానే వేసుకున్నాడు, దాని మీద ఆ సాయంత్రపు సిమెంటు చుక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి. అతని చుట్టూ ఉన్నవాళ్లంతా అడ్డా మనుషులు. ఆలస్యంగా వచ్చి, చోటు లేక, గుమ్మం బయట చెప్పుల దాకా నిలబడి ఉన్నారు.

"రండి మేస్త్రిగారూ," అన్నాడు ఫాదరు. జగ్గూ బేసినూ తనే పట్టుకుని నడవలో రెండడుగులు వేశాడు. "మీ కాలు కడగనివ్వండి. కుడికాలే."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"కాళ్లు ఇంట్లో కడుక్కునే వచ్చాను ఫాదర్," అన్నాడు. "గంటలాయన చెప్పిన మాట ఇంకోసారి చెప్పించండి. ఇక్కడ వెనకాల పనివాళ్లున్నారు. వీళ్లకి సరిగా వినపడలేదు."

ఫాదరు నడవ మధ్యలో ఆగిపోయి వెనక్కి చూశాడు. గంటలాయన కుర్చీ కోడు పట్టుకుని మెల్లగా లేచాడు. చిటపట ఆయన మోచేయి కింద చెయ్యి వేసి నిలబెట్టింది. ఆయన ఒకసారి కంట్రాక్టరు వంక, ఒకసారి తలుపుల వంక చూసి, గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పాడు. మేస్త్రి తాగలేదని, చెక్కలు రెండే ఉన్నాయని, మూడోది తనే లాగానని, లాగమన్నది కంట్రాక్టరని. గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా వినపడింది.